కృష్ణా రేవుల్లో అద్దె పడవలు: లైసెన్సులు, నియంత్రణ

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మైదానంలో పడవ నడిపేంత నీరు నమ్మకంగా దొరికేది కృష్ణానదిలోనే. గుండ్లకమ్మ, నాగులేరు, చంద్రవంక వానలకు పొంగి, ఎండలు ముదిరేసరికి ఇసుక తేలే ఏళ్లు. కాబట్టి ఇక్కడి అద్దె పడవల కథ నాగార్జునసాగర్ నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఉన్న కృష్ణా రేవుల కథే. దానికి తోడు ఒకప్పటి కొమ్మమూరు కాలువ కథ కొంత ఉంది. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే పడవలు మూడు తరగతులు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చే బల్లకట్లు, నాటు పడవలు మొదటివి. యాత్రికులను తిప్పి తెచ్చే లాంచీలు, స్పీడు బోట్లు రెండోవి. తెడ్డుతోనో కాలితొక్కుడుతోనో నడిచే కయాక్‌లు, పెడల్ బోట్లు, తెప్పలు, పుట్లు మూడోవి. మొదటి తరగతిని చట్టం ఆదాయంగా చూసింది, రెండోదాన్ని యంత్రంగా చూసింది, మూడోదాన్ని చాలాకాలం చూడనే లేదు. ఇప్పటి చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

రేవు పాటలు

మద్రాసు ప్రభుత్వం 1884లో నదుల సంరక్షణకు ఒక చట్టం, 1890లో కాలువలు, ప్రజా రేవులకు మరో చట్టం తెచ్చింది. రెండో చట్టం ఆంధ్ర ప్రాంతానికి అలాగే సంక్రమించింది. ఏది ప్రజా రేవో ప్రభుత్వం ప్రకటిస్తుంది, దాటింపు రుసుము నిర్ణయిస్తుంది, వసూలు హక్కును కౌలుకిస్తుంది. కాలువల్లో తిరిగే పడవలకు లైసెన్సు కూడా దీనికిందే. తరువాతి కాలంలో రేవులు స్థానిక సంస్థల చేతికి వచ్చాయి. కృష్ణకు కుడి ఒడ్డున అచ్చంపేట మండలం మాదిపాడు, మాచవరం మండలం గోవిందాపురం వంటి చోట్ల బల్లకట్టు హక్కును జిల్లా పరిషత్తు వేలం వేస్తుంది. ఊళ్లో దాన్ని రేవు పాట అంటారు, పాడుకున్నవాడు పాటదారు. నదికి ఆవలి ఒడ్డు వేరే జిల్లాది, కొన్నిచోట్ల ఇప్పుడు వేరే రాష్ట్రానిది కావడంతో ఎవరు పాట పెట్టాలి, ఎవరికి ఎంత వాటా అన్న పేచీలు ఈ వ్యవస్థతోనే పుట్టాయి.

బల్లకట్టంటే రెండు పడవలను పక్కపక్కన బిగించి, పైన చెక్కతోనో ఇనుప రేకుతోనో పరిచిన చదునైన వేదిక. పూర్వం గెడలతో నెట్టేవారు, ఇప్పుడు ఇంజను ఉంటుంది. మిర్చి కోతల కాలంలో మాదిపాడు రేవులో నిలబడితే దాని బరువేమిటో తెలుస్తుంది. టిక్కీలు పేర్చిన ట్రాక్టరు వాలు దారి మీదుగా వెనక్కి నడిచి రేకు మీదికి ఎక్కుతుంది. ముందు చక్రాలు ఎక్కగానే ఆ కొస నీటిలోకి దిగుతుంది, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేసేదాకా ఎవరూ మాట్లాడరు. తరువాత రెండు మోటారు సైకిళ్లు, పత్తి బోరేలు, కూలికి పోయే ఆడవాళ్లు, ముక్త్యాల సంబంధం చూసి తిరిగొచ్చే చుట్టాలు. అంచున కంచె ఉంటే ఉంటుంది, లేకపోతే తాడు.

పాట షరతుల్లో ధరల పట్టిక పెట్టడం, చీకటి పడ్డాక నడపకపోవడం, వరద వస్తే ఆపేయడం వంటివి ఉంటాయి. కానీ పాట ఎంత పలికింది అన్నదే అందరూ అడిగే సంగతి. ఎక్కువకు పాడినవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలి. రాబట్టుకోవడానికి ఉన్న దారి ట్రిప్పుకు ఇంకో నలుగురిని ఎక్కించడం. ఆదాయం కోసం కట్టిన నియంత్రణ వ్యవస్థ భద్రతకు ఎదురు ఈదడం అన్ని రేవుల్లోనూ కనిపించేదే. ఇందులో పాటదారు దుర్మార్గం కంటే పాట పద్ధతి తప్పే ఎక్కువ.

కాలువల వైపు వ్యవహారం కొంత కట్టుదిట్టంగా నడిచింది. విజయవాడ దగ్గర 1850ల్లో కట్టిన ఆనకట్ట కుడి వైపు నుంచి బయలుదేరే కొమ్మమూరు కాలువ దుగ్గిరాల, చేబ్రోలు, బాపట్ల ప్రాంతాల మీదుగా 113 కిలోమీటర్లు సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. 1876–78 నాటి కరువు పనుల్లో పూర్తయిన బకింగ్‌హాం కాలువ అక్కడి నుంచి దక్షిణానికి మద్రాసు వరకు 316 కిలోమీటర్లు, ఆపైన మరక్కాణం దాకా సాగుతుంది. లాకుల దగ్గర ప్రతి పడవా ఆగక తప్పదు కనుక తనిఖీకి అనువైన చోటు దానంతటదే ఏర్పడింది. గుంటూరు పత్తికి ‘కోకనాడ’ అన్న వ్యాపార నామం రావడానికి కారణం అది కాకినాడ రేవు మీదుగా ఓడ ఎక్కడమే. రైళ్లు, లారీలు వచ్చాక కాలువ పడవలు పోయాయి. 2008లో ఈ కాలువలను, కృష్ణా గోదావరుల కొన్ని భాగాలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కొమ్మమూరు కాలువ మీద పడవల రద్దీ మాత్రం మళ్లీ రాలేదు.

ఇంజను వచ్చాక

1917 నాటి కేంద్ర చట్టం ఆవిరితో, తరువాత ఇతర యంత్రాలతో నడిచే లోతట్టు పడవలకు మూడు కాగితాలు అవసరమంది: రిజిస్ట్రేషను, ఏటేటా సర్వే ధ్రువపత్రం, నడిపే సరంగుకూ ఇంజను డ్రైవరుకూ యోగ్యతా పత్రాలు. ఎందరిని ఎక్కించవచ్చో సర్వే పత్రం మీదే రాసి ఉంటుంది. ఆంధ్రలో ఈ పని చాలాకాలం నీటిపారుదల శాఖలోని బోట్ సూపరింటెండెంట్ల చేతిలో ఉండేది.

సర్వే సరిగా చేస్తే అది ఒక రోజు పని. పడవను ఒడ్డెక్కించి అడుగు రేకును సుత్తితో తట్టుతూ పోతారు. తుప్పు తిన్నచోట మోత మారుతుంది. ఇంజను, నీటిని తోడిపోసే పంపు, చుక్కాని, మంటలార్పే సీసా చూస్తారు. లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు, పిల్లల కొలతవి వేరేగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తరువాతది అసలు పరీక్ష. పడవను నీళ్లలో దించి, మనుషులకు బదులు ఇసుక మూటలు పేర్చి, వాటిని ఒక పక్కకు జరిపి ఎంత ఒరుగుతుందో కొలుస్తారు. నీటికి పైన ఎంత అంచు మిగిలిందో చూస్తారు. విహార పడవలు బోల్తా పడటంలో ఎక్కువసార్లు జరిగేది ఈ మూటల పరీక్ష చెప్పేదే. పై అంతస్తులో జనం పెరిగేకొద్దీ బరువు కేంద్రం పైకి జరుగుతుంది. ఏదో చూడటానికి అందరూ ఒకే వైపు లేచారంటే, తిరిగి నిలదొక్కుకునే శక్తి పడవకు ఉండదు.

ఈ ప్రాంతంలో క్రమబద్ధమైన విహార ప్రయాణం అంటే మొదట నాగార్జునకొండ లాంచీయే. 1954–60 మధ్య జరిగిన తవ్వకాల్లో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను, సాగర్ నీరు ముంచేలోగా కొండ మీదికి చేర్చి, 1966లో మ్యూజియం తెరిచారు. అక్కడికి చేరాలంటే నీటి దారే. మాచర్ల వైపున్న విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాలి. ప్రభుత్వ సంస్థే టికెట్ అమ్మి, లాంచీ నడిపి, ప్రయాణికుల బాగోగులు చూడటంతో ఇక్కడ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పెద్దగా రాలేదు. విజయవాడ వైపు భవానీ ద్వీపం పరిసరాల్లో ప్రైవేటు బోట్లు పెరిగాక ఆ ప్రశ్న వచ్చింది.

మూడేళ్లలో మూడు ప్రమాదాలు

2017 నవంబరు 12 కార్తీక మాసపు ఆదివారం. ఒంగోలు నుంచి యాత్రకు వచ్చిన బృందం ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూడటానికి ఒక ప్రైవేటు బోటు ఎక్కింది. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసే ఆ చోటును 2016 పుష్కరాల నాటికి తీర్చిదిద్దారు. అంటే యాత్రా స్థలంగా దాని వయసు అప్పటికి ఏడాదికి కొంచెం ఎక్కువ. సాయంత్రం వేళ, ఒడ్డు కనిపించేంత దూరంలో బోటు తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్లు తమ పడవలతో వచ్చి కొందరిని కాపాడారు. ఆ బోటుకు ఆ దారిలో తిరిగే అనుమతి లేదు, చాలామందికి లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు.

పడవల భద్రత మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వెలువడింది అదే ఏడాది సెప్టెంబరులో. ఎక్కించాల్సిన సంఖ్య పడవ మీద కనిపించేలా రాయడం, ప్రయాణికుల జాబితా ఒడ్డున ఉంచడం, వాతావరణం చూసి బయలుదేరడం, అన్నీ అందులో ఉన్నాయి. రెండు నెలల్లో అవి కృష్ణ ఒడ్డుకు చేరలేదు.

2018 మే 15న గోదావరిలో, దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. అది విహార పడవ కాదు, ఏజెన్సీ గ్రామాల వాళ్లు సంతకూ ఆసుపత్రికీ ఎక్కే సర్వీసు లాంచీ. పేపర్లలో దానికి దక్కిన చోటు తక్కువే.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న విహార బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కినవారు 77 మంది, బతికినవారు 26 మంది. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. కచ్చులూరు మందం దగ్గర నది ఇరుకై సుడి తిరుగుతుందని అక్కడి సరంగులందరికీ తెలుసు. బోటులో లైఫ్ జాకెట్లు ఉన్నాయి, అందరూ వేసుకోలేదు. లోతుల నుంచి బోటును కాకినాడకు చెందిన ప్రైవేటు బృందం అక్టోబరు 22న పైకి లాగింది.

ఈ మూడింటిలో 2019దే నియంత్రణకు పెద్ద పాఠం. 2017 బోటు కాగితాలే సరిగా లేనిది, కనుక దాన్ని దొంగ రవాణా అని సరిపెట్టుకోవచ్చు. కచ్చులూరు బోటుకు అలా చెప్పలేం. అప్పటికి బోటు ఫిట్‌నెస్ చూసి అనుమతిచ్చే పని కాకినాడ ఓడరేవు అధికారులది. విహార టికెట్ల వ్యవహారం పర్యాటక శాఖది. నదిలో ఎంత నీరు వస్తుందో చెప్పేది జలవనరుల శాఖ. గట్టున కాపలా పోలీసులది. ‘ఈ రోజు ఈ నీటిలో ఈ బోటు కదలకూడదు’ అని రేవులో నిలబడి చెప్పాల్సిన మనిషి వీరిలో ఎవరు? ప్రతి శాఖ దగ్గరా ఆ వాక్యంలోని ఒక్కో ముక్క ఉంది, మొత్తం వాక్యం ఎవరి దగ్గరా లేదు.

ప్రమాదం తరువాత రాష్ట్రమంతటా విహార బోట్లు ఆపేశారు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం 9 కంట్రోల్ రూముల పథకం ప్రకటించింది. గోదావరి రేవులతో పాటు నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ బెర్మ్ పార్కు అందులో ఉన్నాయి. తహసీల్దారు అధ్యక్షతన జలవనరులు, పోలీసు, పర్యాటక శాఖల వాళ్లు ఒకేచోట కూర్చోవాలి. బోటు కదిలేముందు సిబ్బందికి మద్యం పరీక్ష చేయాలి, ప్రయాణికుల పేర్లు రాసుకోవాలి, వరద సమాచారం చూసుకోవాలి. రేవులోనే బోటు ఆపగల అధికారం ఒకరికి కట్టబెట్టడమే దీనిలోని కొత్తదనం. మిగతావన్నీ పాత షరతులే.

కొత్త చట్టం, పాత ఖాళీ

1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 లోతట్టు నౌకల చట్టం 2022 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది, బీమా తప్పనిసరి. అలల ఎత్తునుబట్టి జలాలను మూడు మండలాలుగా విభజించారు. రెండు మీటర్ల దాకా అల లేచేవి మొదటి మండలం, 1.2 మీటర్లవి రెండోది, 0.6 మీటర్లు మించనివి మూడోది. ఏ మండలానికి కట్టిన పడవో దాని పత్రంలోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనులన్నిటికీ 2023లో ప్రత్యేకంగా అంతర్గత జలమార్గాల సంస్థను ఏర్పాటు చేస్తూ చట్టం చేశారు.

ఇంజను లేని పడవల ప్రస్తావన ఈ చట్టంలో మొదటిసారి ఒక అధ్యాయంగా వచ్చింది. ఏవి నమోదు చేయాలో రాష్ట్రం తేల్చాలి, నమోదు పని స్థానిక సంస్థలకు అప్పగించవచ్చు. అంటే పంచాయతీ. కయాక్ అడుగు ఎలా చూడాలో పంచాయతీ కార్యదర్శికి ఎవరు నేర్పుతారన్నది చట్టం చెప్పదు.

పుట్టి సంగతే తీసుకుందాం. సాగర్, శ్రీశైలం వెనక నీళ్లలో, పల్నాడులో సత్రశాల వంటి చోట్ల చేపలవాళ్ల పని పుట్టి మీదే. వెదురు బద్దల అల్లిక, దాని మీద ఒకప్పుడు తోలు, ఇప్పుడు తారు పూసిన ప్లాస్టిక్ పట్టా. ముందూ వెనకా లేని గుండ్రటి వస్తువు కనుక నడిపేవాడు అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఒంటి తెడ్డుతో నీటిని తన వైపు లాక్కుంటాడు. తెలియనివాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. చేపల కోసం ఇద్దరు ఎక్కినంత సేపు దీనికంటే మంచి పడవ లేదు. సెలవు రోజున సరదా పడి ఆరుగురు ఎక్కి, ఫోటో కోసం లేచి నిలబడితే చట్టం దృష్టిలో అది ప్రయాణికుల పడవ అవుతుందా, చేపల పడవే అవుతుందా? మత్స్య శాఖ చేపల వేటకు చేసే నమోదు కిరాయికి మనుషులను ఎక్కించుకునే అనుమతి కాదు. కేరళలోని తానూరులో 2023 మే 7న 22 మందిని పొట్టన పెట్టుకున్నది, చేపల పడవను విహార బోటుగా మార్చినదే.

అద్దె తెప్పల నియంత్రణలో దేశంలో ముందున్నది హిమాలయ రాష్ట్రాలు. హిమాచల్ ప్రదేశ్ 2005లో ర్యాఫ్టింగ్ నియమాలు చేసింది, ఉత్తరాఖండ్ 2014లో. నియమాలు సరిగా లేవంటూ 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు కొంతకాలం ర్యాఫ్టింగ్‌నే ఆపేయించింది. అక్కడ లైసెన్సు నడిపే సంస్థకూ కావాలి, తెప్ప గైడుకూ కావాలి. వానాకాలంలో జూలై, ఆగస్టు నెలల్లో వ్యాపారం మూసేస్తారు. నది ఉధృతిని ఒకటి నుంచి ఆరు దాకా లెక్కించే అంతర్జాతీయ కొలమానం వాడుకలో ఉంది. సాగర్‌కు దిగువన కృష్ణకు ఆ కొలమానంతో పెద్ద పని లేదు, మామూలు రోజుల్లో ఇది నిదానపు నది. ఇక్కడ ప్రమాదం లోతుతో, జనంతో, గేట్లతో వస్తుంది. ఋషికేశ్ నియమాలను యథాతథంగా తెచ్చుకుంటే శిరస్త్రాణం మీద బోలెడు పేరాలుంటాయి, గేట్ల మీద ఏమీ ఉండదు.

అమెరికాలో 1968 నాటి చట్టం కొన్ని నదులను వన్య, సుందర నదులుగా గుర్తించి కాపాడుతుంది. అక్కడ పడవ అనుమతి భద్రతకే కాక నదిని కాపాడటానికి కూడా. గ్రాండ్ కాన్యన్‌లో సొంతంగా తెప్ప వేసుకుని దిగాలంటే లాటరీలో పేరు రావాలి, ఎందుకంటే రోజుకు ఎందరిని నది మోయగలదో ముందే లెక్క కట్టారు. మన దగ్గర సుందర నది అన్న తరగతి చట్టంలో లేదు. సాగర్ పైభాగాన పులుల అభయారణ్యం హద్దు వల్ల అటవీ శాఖ మాట చెల్లుతుంది, అంతే. బ్రిటన్ మరో దారి పట్టింది. 1993 మార్చి 22న లైమ్ బేలో కయాక్‌ల మీద వెళ్లిన నలుగురు విద్యార్థులు చనిపోయారు. నడిపిన కంపెనీ మీద నరహత్య నేరం రుజువైంది. 1995లో పార్లమెంటు పిల్లలను సాహస క్రీడలకు తీసుకెళ్లే సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ లైసెన్సు పడవకు కాదు, పిల్లలను నీటి మీదికి తీసుకెళ్లే సంస్థకు. మన కాలేజీ విహారయాత్రలకు పనికొచ్చే నమూనా ఇదేనని నాకు అనిపిస్తుంది.

నీరు వదిలేవారు, పడవ వదిలేవారు

సాగర్ నుంచి బ్యారేజీ దాకా కృష్ణ గేట్ల చేతిలో ఉన్న నది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. ఈ అంకెలు లంక గ్రామాల కోసం కట్టినవి. అద్దె పడవకు ఇందులో చిన్న భాగం నీరొచ్చినా ప్రమాదమే. పైగా హెచ్చరిక లేకుండా నీరు రావచ్చు. 2021 ఆగస్టు 5న పులిచింతల డ్యాం 16వ నంబరు గేటు ఊడిపోయి నీరు కిందికి దూకింది. కాబట్టి విహార పడవల నిలుపుదలకు వేరే, చాలా తక్కువ అంకె కావాలి. అది డ్యాం కంట్రోల్ రూము నుంచి నేరుగా రేవుకు చేరాలి.

పడవ కట్టేసి ఉన్నప్పుడు కూడా నియంత్రణ పరిధిలోనిదేనని 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో తెలిసింది. 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక బోట్లు బ్యారేజీ 67, 69, 70 నంబరు గేట్లను ఢీకొన్నాయి. గేట్లెత్తే కౌంటర్ వెయిట్లు విరిగిపోయాయి. పదుల టన్నుల ఇనుప బోట్లను నీటిలోంచి తీయడానికి రోజులు పట్టింది. లంగరు ఎక్కడ వేయాలి, ఎంత గొలుసు ఉండాలి, వరద కబురు వస్తే ఎవరు వచ్చి చూడాలి అన్నవి విహార లైసెన్సుల్లోనూ ఉండాల్సిన షరతులే.

సాగర్ జలాశయంలో ఇంకో చిక్కుంది. కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, ఎడమ ఒడ్డు తెలంగాణ, రెండు వైపులా పర్యాటక లాంచీలున్నాయి. కొత్త చట్టంతో ఒకరి రిజిస్ట్రేషను రెండోవారికి చెల్లుతుంది, కానీ రేవు ఆపే అధికారం ఎవరి ఒడ్డున వారిదే. గాలి లేచినప్పుడు ఒక ఒడ్డు మూసి, రెండో ఒడ్డు తెరిచి ఉండటానికి చట్టంలో అడ్డేమీ లేదు.

దిగువన వంతెనలు పెరుగుతున్నాయి. తంగెడ, మట్టపల్లి మధ్య వంతెన వచ్చింది, వెంకటపాలెం దగ్గర కృష్ణ మీద బైపాస్ వంతెన లేచింది. ట్రాక్టర్లు వంతెన ఎక్కాక రేవు పాట పలికే ధర పడిపోతుంది. ఖాళీ అయిన రేవుల్లో వాలు దారి, మెట్లు, పడవలు, సరంగులు అలాగే మిగులుతారు. అమరావతి వైపు నదీ విహారం మీద ఆసక్తి పెరుగుతున్న కొద్దీ ఈ రేవులే రేపటి అద్దె కయాక్‌లకు, తెప్పలకు మొదటి స్థావరాలవుతాయి. వాటిని కూడా పాత పద్ధతిలో ఎక్కువ పాడినవాడికే ఇస్తారా, లేక లైసెన్సుకు వేరే కొలత పెడతారా అన్నది జిల్లా పరిషత్తులు, జలమార్గాల సంస్థ కలిసి తేల్చాల్సిన విషయం.